శుభ్రమైన నెత్తురు

ఆ ఫ్యాక్టరీలో పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కరిగించి, కొత్త దిమ్మలు పోస్తారు. అక్కడ మనిషిని ఇంటికి పంపాలంటే తిట్టక్కర్లేదు, తగువు పెట్టుకోనక్కర్లేదు. గేటు పక్క బోర్డు మీద అతని పేరుకెదురుగా ఓ అంకె రాస్తే చాలు. మూడు నెలలకోసారి నర్సు కార్మికులందరి రక్తం తీస్తుంది. అందులో సీసం ఎంతుందో చూస్తారు. యాభై లోపైతే పనిలోకి, దాటితే ‘విశ్రాంతి’కి. ఆ మాట పెట్టినవాడెవడో గానీ మహా రసికుడై ఉండాలి. జీతం లేకుండా ఇంట్లో కూచుని గోడలు చూడ్డమే విశ్రాంతి. రెండోసారి కూడా దాటితే పేరే కొట్టేస్తారు.

కొలిమి దగ్గర పనిచేసే కొలిమాయన ఒకసారి దాటాడు. యాభై మూడు వచ్చింది. రెండు నెలలు విశ్రాంతి తీసుకుని, మొహం పీక్కుపోయి, ఈమధ్యే మళ్ళీ పనికెక్కాడు. మంగళవారం మళ్ళీ పరీక్ష.

సోమవారం సాయంత్రం షిఫ్టు దిగి అతను ఇల్లు చేరేసరికి పెళ్ళాం మిషను మీదే ఉంది. వీధిలో అందరూ ఆమెని మిషనమ్మ అంటారు, అతన్ని కొలిమాయన అంటారు. అసలు పేర్లు కాగితాల మీద పనికొస్తాయి అంతే. ఉన్నది ఒకటే గది, ముందు వరండా, వెనక చిన్న పెరడు. గదిలో సగం ప్లాస్టిక్ గోతాలే. పగలగొట్టిన బ్యాటరీల్లోంచి రాలిన పొడిని ఆ గోతాలకెత్తి కొలిమి దగ్గరికి మోస్తారు. ఇదివరకైతే ఖాళీ గోతాన్ని కూడా కొలిమిలోనే పడేసేవాళ్ళు. పోయినేడాది కంపెనీవాళ్ళకి జ్ఞానోదయమైంది. ‘మా దగ్గర ఏదీ వృథా పోదు’ అని ప్రహరీగోడ పొడుగునా రాయించి, గోతాల మీద పైపుతో ఓసారి నీళ్ళు కొట్టి, ఎండబెట్టి, కార్మికుల ఇళ్ళకి పంపడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు వాటితో చేతిసంచులు కుట్టాలి. కంపెనీ వాటిమీద ఆకుపచ్చ ఆకు ముద్ర గుద్ది వచ్చినవాళ్ళకి పంచుతుంది. ఈసారి మూడొందల సంచులు శనివారానికి కావాలి. ఆ రోజు ఫ్యాక్టరీ చూడ్డానికి బడిపిల్లలొస్తారట, తలా ఒకటి.

మిషనమ్మ పనిలో తిరుగులేదు. గోతాన్ని తిరగేసి పెరటి గోడకేసి నాలుగు బాదులు బాదుతుంది. బూడిదరంగు దుమ్ము లేస్తే మొహం పక్కకి తిప్పుకుంటుంది. గదిలో పరిచి, అట్టముక్క కొలతపెట్టి, పొయ్యి మీద కాల్చిన కత్తితో కోస్తుంది. అప్పుడే అంచు కరిగి పోగులు ఊడకుండా ఉంటాయి. గోతానికి రెండు సంచులని కంపెనీ లెక్క. ఆమె రెండు తీసి, మిగిలిన పీలికల్తో మూడోదానికి పట్టీలు కూడా తీస్తుంది. ఆమె చేతిలోంచి జానెడు ముక్క చెత్తలోకి పోయిందంటే ఆ రోజు ఒంట్లో బాగాలేదని అర్థం. అత్త వరండాలో కాళ్ళు చాపుకుని, కుట్టిన సంచుల్ని బయటికి తిరగేసి, మూలలు వేలితో పొడిచి నిలబెడుతుంది. దారపు కొసలు పళ్ళతో కొరికి పక్కకి ఊస్తుంది.

“ఏమయ్యా, గుమ్మంలో అలా నిలబడ్డావేం? లోపలికి రావడానికి చీటీ కావాలా?” అంది మిషనమ్మ.

“నీతో ఓ మాట.”

“తొక్కుతూ వినొచ్చా, ఆపి వినాలా?”

“ఆపు.”

ఆమె చక్రం మీద అరచెయ్యి పెట్టి ఆపింది. ఆ చెయ్యి ఈమధ్య పట్టు ఇవ్వడం లేదు. రెండో చెయ్యి కూడా వేస్తేగాని చక్రం ఆగలేదు.

అతను వరండాలో ఉన్న తల్లి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “నర్సక్క ఓ ఉపాయం చెప్పింది. రేపు నా పేరు మీద పంపే ట్యూబులో నా రక్తం కాకుండా ఇంకొకరిది పెడతానంది. ఫ్యాక్టరీ గాలి సోకనివాళ్ళదై ఉండాలి. శుభ్రమైన రక్తం. పొద్దున డ్యూటీకి పోతూ ఇంటికొచ్చి తీసుకుంటుందట.”

“ఎవరిది?”

అతను ఆమె మొహంలోకి చూశాడు.

“నాదా. దానికింత డొంకతిరుగుడెందుకు?” అందామె. “మరి ఆడదాని రక్తమని తెలిసిపోదూ?”

“వాళ్ళు చూసేది సీసం ఒక్కటే. ఆడో మగో వాళ్ళకక్కర్లేదు.”

“పోన్లే, ఈ వంకనైనా నా పేరు లేకుండా నేను మగాళ్ళ లెక్కలోకి ఎక్కుతాను.”

అతను నవ్వలేదు. స్టూలు మీదున్న పీలికలు పక్కకి జరిపి కూచున్నాడు. “ఈసారి దాటితే అంతే సంగతులు. నన్నెవడు తీసుకుంటాడు? సీసం మనిషని ముద్ర పడ్డవాణ్ణి టీకొట్లో కప్పులు కడగడానిక్కూడా రానివ్వరు. పోయినసారి రెండు నెలలకే అమ్మ మందులు ఆపేశాం. గుర్తుందిగా.”

ఆమెకి గుర్తుంది. అతను ఆ రెండు నెలలూ ఎవరితోనూ కళ్ళు కలపకుండా, చెప్పులు కూడా చప్పుడు కాకుండా వేసుకుని తిరగడం అంతకన్నా బాగా గుర్తుంది. మొగుణ్ణి అలా చూడ్డం ఇంకోసారి తనవల్ల కాదు.

“నా ఒంట్లో ఏముంది, టీనీళ్ళు తప్ప. ఎంత కావాలంటే అంత తీసుకోమను” అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మంగళవారం తెల్లారి నర్సు వచ్చింది. కాస్త లావుగా, మోకాళ్ళనొప్పుల్తో కుంటుతూ నడిచే మనిషి. ఆమె చేస్తున్నది ఉద్యోగం ఊడిపోయే పని. డబ్బు కోసం కూడా కాదు. ఏళ్ళ తరబడి ఆ బోర్డు మీద అంకెలు రాసీ రాసీ ఆమెకి ఆ సుద్దముక్క మీదే అసహ్యం పుట్టింది. గాలి బాగుచెయ్యండ్రా అంటే మనిషిని మార్చేస్తారు, ఇదేం రోగం అని ఇంట్లో తిట్టుకునేది. అలా తిట్టుకుని తిట్టుకుని చివరికి ఈ దొంగదారి పట్టింది.

“ఎక్కడ కూచోమంటావు?” అంది, గదిలో కాలు పెట్టడానికి చోటు లేక.

మిషనమ్మ రెండు గోతాలు ఎత్తి మూలకి విసిరింది. ఫ్యాను గాలికి దుమ్ము లేచి, కిటికీ ఎండలో మెల్లగా తిరిగి, మిషను మీదా మంచినీళ్ళ కుండ మీదా దిగింది. నర్సు రెండుసార్లు తుమ్మింది. మోచేతి పైన రబ్బరుగొట్టం బిగించి, “పిడికిలి గట్టిగా పట్టు” అంది.

“పట్టాను.”

“ఇదేనా గట్టి? పసిపిల్ల నయం.”

“మిషను చక్రం తిప్పీ తిప్పీ మణికట్టు చచ్చిపోయిందక్కా. కడుపులో కూడా మెలిపెడుతోంది. టీ ఎక్కువైంది.”

వరండాలోంచి అత్త తొంగిచూసింది. “ఏంటమ్మా అది, కోడలికి సూది?”

“సుగరు చూస్తున్నానమ్మా.”

“దానికి సుగరేంటి? దాని నోట్లో ఒక్క తియ్యని మాటైనా ఉందా?”

నర్సు నవ్వు ఆపుకుంటూ ట్యూబు నింపింది. నెత్తురు చిక్కగా, ఎర్రగా, అందరి నెత్తురులాగే ఉంది. మిషనమ్మ దాన్ని కాస్త గర్వంగానే చూసుకుంది. ఆ చిన్న ట్యూబుతో మొగుడి ఉద్యోగం నిలబెడుతున్నానన్న తృప్తి ఆమెది. నర్సు ట్యూబు మీద కాగితం అంటించి, దానిమీద కొలిమాయన పేరు రాసి, పర్సులో పెట్టుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు ఫ్యాక్టరీలో వరసలో నిలబడ్డవాళ్ళు అనుమానించకుండా కొలిమాయన దగ్గరా రక్తం తీసింది. దానికి పేరు అంటించకుండా ఫ్రిజ్‌లో వెనక్కి తోసేసింది.

బుధవారం నవ్వుల సారు వచ్చాడు. కంపెనీలో కార్మికుల సంక్షేమం చూసే ఆఫీసరు. పేరు కొట్టేసిన కాగితం చేతికిచ్చేటప్పుడు కూడా నవ్వుతూనే ఇస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. చెడ్డవాడేం కాదు, అతని మొహం కట్టే అంత. వెంట ఆకు ముద్రా, రంగు డబ్బా తెచ్చాడు. సంచి ఒకటి తీసి భుజానికి తగిలించుకుని, అద్దం లేకపోయినా అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. లోపల చెయ్యి పెట్టి కుట్లు తడిమాడు.

“అద్భుతం అమ్మా. ఇవి బజార్లో దొరికేవా? మీలాంటివాళ్ళ వల్లే భూమి బతికి ఉంది. ఒక్క ముక్క కూడా చెత్తలోకి పోనివ్వకుండా భూమిని కాపాడుతున్నారు.”

“భూమి సంగతి తర్వాత బాబూ, ముందు నా నడుం కాపాడమను” అంది అత్త. “తిరగేసి తిరగేసి పడిపోయేలా ఉంది.”

అతను పకపకా నవ్వి ఆమెని ఫోటో తీశాడు, చేతిలో సంచి పట్టుకోమని, కాస్త నవ్వమని. అత్త నవ్వలేదు గానీ సంచి మాత్రం ఎత్తి పట్టుకుంది.

“సార్, ఈసారి గోతాల్లో దుమ్ము మరీ ఎక్కువుంది” అంది మిషనమ్మ.

“కడిగించే పంపుతున్నామమ్మా. కాస్తో కూస్తో దుమ్ము ఎవరింట్లో ఉండదు చెప్పండి?”

అదీ నిజమే అనుకుంది. వెళ్తూ వెళ్తూ అతను శనివారం ఉదయం వ్యాను పంపుతానని, ఆ వ్యానులోనే ఇంకో రెండొందల గోతాలు వస్తాయని చెప్పాడు. ఈ వీధికి పని ఆగదన్నాడు.

గురువారం మధ్యాహ్నం నర్సు మళ్ళీ వచ్చింది. ఈసారి కూచోలేదు. గుమ్మం దాటలేదు కూడా. మిషనమ్మని ఇంటి పక్కనుంచి పెరట్లోకి రమ్మని సైగ చేసింది. మిషనమ్మ దొరికిపోయామనుకుంది.

“పట్టేశారా అక్కా?”

“పట్టెయ్యలేదు. అంకె వచ్చింది.”

“ఎంత?”

“అరవై ఎనిమిది.”

మిషనమ్మకి మొదట అర్థం కాలేదు. “అంత ఎలా వచ్చింది? మా ఆయనది పోయినసారి యాభై మూడేగా. నువ్వు పొరపాటున ఆయనదే పంపావేమో చూడు.”

“పొరపాటు కాదమ్మా. నా చేత్తో పేరంటించాను. అది నీదే.” నర్సు ఆమె మణికట్టు పట్టుకుని పైకెత్తి వదిలింది. చెయ్యి నిలవకుండా కిందికి వాలింది. “నాది బుద్ధి తక్కువ. మొన్న ఈ చెయ్యి చూసి కూడా మిషనే అనుకున్నాను. ఇన్నేళ్ళనించి ఇలాంటి చేతులు చూస్తున్న నేనే అలా అనుకున్నాను. నీ కడుపునొప్పి టీ వల్ల కాదు. ఆ గోతాలు. లోపల ఫ్యాను తిప్పి, వాటి మధ్య కూచుని తిని, వాటిమీదే పడుకుంటున్నారు. ఫ్యాక్టరీలో కూడా ఎవడూ అట్లా చెయ్యడు.”

పెరట్లో గోడకి, మిషనమ్మ గోతాలు బాదే చోట, మనిషెత్తున బూడిదరంగు మరక ఉంది. ఇద్దరూ దాన్నే చూశారు.

“ఇప్పుడాయన ఉద్యోగం?” అంది మిషనమ్మ. తన చెయ్యి గురించి కాదు, ముందు అదే అడిగింది.

“దానికో దారుంది. మొన్న తీసిన ఆయన ట్యూబు ఫ్రిజ్‌లో ఉంది. మొదటిది గడ్డకట్టింది, లెక్క తప్పొచ్చింది, ఇది చూడండని ఇవాళ పంపించాను. రేపు సాయంత్రానికి తెలుస్తుంది. ఆయనది యాభై లోపు రావాలని కోరుకో. నువ్వు మాత్రం వీటి జోలికి పోకు. మందులున్నాయి, పెద్దాసుపత్రికి పోవాలి.” నర్సు వీధి వైపు ఓసారి చూసింది. “ఎవరి నెత్తురని అడిగితే మాత్రం నా పేరు చెప్పకు. నాకు ఇద్దరు పిల్లలు.”

ఆమె వెళ్ళాక మిషనమ్మ గోతాల కుప్ప మీద దుప్పటి కప్పింది. ఆ దుప్పటి తాము కప్పుకునేదేనని కాసేపటికి గుర్తొచ్చింది. తీసేద్దామనుకుని తియ్యలేక అలాగే నిలబడిపోయింది. భయం వేసింది, దాని వెనకే పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలీక మిషను స్టూలుని కాలితో ఒక్కటి తన్నింది. స్టూలుకి ఏం కాలేదు, ఆమె వేలే వాచింది.

సాయంత్రం మొగుడికి చెప్పింది. అతను నమ్మలేదు. తప్పు చూసుంటారన్నాడు, ల్యాబులో అన్నీ నిద్రమొహాలే అన్నాడు. కానీ ఆ రాత్రి గోతాలకి దూరంగా, వరండాలో తల్లి పక్కన పక్కలు వేశాడు.

శుక్రవారం అతను మామూలు కంటే ముందే ఇంటికొచ్చాడు. సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించాడు. ఎన్ని నెలల తర్వాతో అతని మొహంలో వెలుగు కనిపించింది.

“నలభై ఒకటి” అన్నాడు. “నాది. బోర్డు మీద రాశారు. ఆ అరవై ఎనిమిదిని తప్పని కొట్టేశారు.”

ఆమెకి కళ్ళనీళ్ళొచ్చాయి. సంతోషమే. ఆ నిమిషంలో సంతోషం తప్ప ఇంకోటి లేదు. అతను స్టూలు మీద కూచుని పైకి చూస్తూ నవ్వుకున్నాడు. తన నెత్తురే పంపినా సరిపోయేదన్న సంగతి తలుచుకుని ఇంకా నవ్వొచ్చింది. తర్వాత మెల్లమెల్లగా ఆ నవ్వు ఆగిపోయింది.

“నాకెందుకు తక్కువ?” అన్నాడు, తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు. “రెండు నెలలు కొలిమికి దూరంగా ఉన్నాను. అది తీసేసినా, అక్కడ నాకు మాస్కుంది. ఆ బట్టలు అక్కడే వదిలి, సబ్బేసి స్నానం చేసి గాని గేటు దాటనివ్వరు. లోపల టీ కూడా తాగనివ్వరు.” ఆగాడు. “నీకేమో...”

“నాకు ఫ్యానుంది” అంది మిషనమ్మ.

వరండాలో అత్త ఎవరూ చెప్పకుండానే, అప్పటికే కుట్టడమైన మూడొందల సంచుల్లో మిగిలినవి తిరగేస్తోంది. గురువారం నుంచి వద్దంటున్నా వినడం లేదు. చేతులు ఊరికే పెట్టుకుంటే తోచదంటుంది.

“రేపు ఇవి ఇచ్చేసి మానెయ్” అన్నాడతను. “ఇక గోతం ఈ గుమ్మం తొక్కదు. ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను.”

“ఇచ్చేస్తే పిల్లలకి పోతాయి.”

“ఒక్క సంచి. వాళ్ళేం దాంట్లో కూచుని కాపురం చేస్తారా?”

“దాంట్లో తినేవి పెట్టుకుంటారు. నోట్లో పెట్టుకుంటారు. పిల్లలు కదా.” ఆమె గొంతు తగ్గించింది. “రేపు ఇంకో రెండొందల గోతాలొస్తాయి. నేను వద్దంటే ఇంకెవరో కుడతారు. సారుకి చెప్తే ఆపేస్తాడు.”

“ఏమని చెప్తావు? గోతాల్లో సీసం ఉందంటావు. ఎలా తెలుసంటాడు. నా నెత్తుట్లో ఉందంటావు. నీ నెత్తురు ఎవరు తీశారు, ఎందుకు తీశారంటాడు.” ఒక్కో మాటకీ ఒక్కో వేలు ముడుస్తూ వచ్చాడు. చివరికి మిగిలింది పిడికిలి. “అప్పుడు నేను పోతాను, నర్సక్క పోతుంది. మోసం చేసినవాడికి ఈ చుట్టుపక్కల ఏ గేటూ తెరుచుకోదు. నా పీక మీది కత్తి ఇవాళే తప్పింది. మళ్ళీ నువ్వే పెడతావా?”

అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు, అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

శనివారం వెలుగు రాకముందే ఆమె కత్తెర తీసుకుని వరండాలో కూచుంది. కట్టలుగా పేర్చిన సంచుల్లోంచి ఒకటి తీసి, పట్టీలు మొదలంటా కత్తిరించి పక్కన పడేసింది. తర్వాత ఇంకోటి. పారేద్దామా అంటే ఎక్కడ పారేస్తుంది? చెత్తలో వేస్తే పొద్దెక్కేలోపు ఎవరో ఏరుకుని వాడుకుంటారు. కాలిస్తే పొగ వీధంతా పీలుస్తుంది. పూడిస్తే ఆ సీసం నీళ్ళతో పాటు బావిలోకే దిగుతుంది. అందుకని కనీసం పనికిరాకుండా చేద్దామనుకుంది. చెయ్యి వాలిపోతుంటే రెండు చేతుల్తో పట్టుకుని కత్తిరించింది. జన్మలో జానెడు గుడ్డ పాడుచెయ్యని మనిషి. ఒక్కో కుట్టూ తెగుతుంటే తన వేలే తెగుతున్నంత బాధేసింది.

అత్త లేచి చూసి నెత్తీ నోరూ కొట్టుకుంది. “అయ్యో, దీనికేం పిచ్చి పట్టిందిరా. వారం రోజుల చాకిరీ. ఒరేయ్, లేచి చూడరా.”

కొలిమాయన లేచి చూశాడు. ఆపమనలేదు. కత్తెర లాక్కోలేదు. గోడకానుకుని కూచుని, మూడొందలూ అయ్యేదాకా చూస్తూ ఉన్నాడు. పట్టీలు కుప్పపడ్డాయి.

ఎండ వరండా ఎక్కే వేళకి వ్యాను వచ్చింది. నవ్వుల సారు ముందు సీట్లోంచి దిగాడు. డ్రైవరు వెనక తలుపు తీసి కొత్త గోతాల మోపు వరండా అంచుమీదికి దింపాడు. సారు సంచుల కుప్ప చూసి కనుబొమలు ఎగరేశాడు, నవ్వు మాత్రం చెదరలేదు.

“ఇదేంటమ్మా?”

“పాడైపోయాయి సార్. పట్టీలు నేను సరిగా కుట్టలేదు. బరువు పెడితే ఊడొస్తాయి. అందుకే కోసేశాను. ఇవి పనికిరావు.”

“అంతేనా? భయపెట్టారు.” అతను ఒంగి ఒక సంచి తీసుకుని దులిపాడు. “సంచి బ్రహ్మాండంగా ఉంది, పోయింది పట్టీలేగా. వెనక వీధిలో ఒకావిడుంది. ఇద్దరు కూతుళ్ళూ తనూ కూచుంటే మధ్యాహ్నానికల్లా అతికించేస్తారు. పిల్లలు వచ్చేది మూడింటికి. మీకు ఓపిక లేకపోతే ఈ కొత్తవి కూడా ఆవిడకే ఇద్దాం.” డ్రైవరు వైపు తిరిగి, “ఎత్తెయ్యి. ఆ ముక్కలు కూడా ఎత్తు. మన దగ్గర ఏదీ వృథా పోదు కదా” అన్నాడు.

డ్రైవరు ఒక కట్ట ఎత్తి చంకలో పెట్టుకున్నాడు.

“వద్దు సార్” అంది మిషనమ్మ.

“ఎందుకొద్దమ్మా?”

మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆమె మొగుడి వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు. ఉద్యోగం అతనిది, ఊడితే అతనిది ఊడుతుంది. అతని మెడ మీద తను ఎలా కత్తి పెడుతుంది? ఎవరో తెలియని ఆ ఇద్దరు ఆడపిల్లలు కళ్ళముందు మెదిలారు. నోరు మూసుకుని నిలబడింది. అలా నిలబడ్డందుకు తన మీద తనకే రోత పుట్టింది.

డ్రైవరు రెండో కట్ట ఎత్తాడు.

“సార్” అన్నాడు కొలిమాయన. గోడ పట్టుకుని లేచాడు. “మొన్న నా పేరు మీద అరవై ఎనిమిది వచ్చింది.”

“అది తప్పని తేలిపోయిందిగా. నీది నలభై ఒకటి. నేనే సంతకం పెట్టాను. ఇంకా దాని గురించేనా?”

“అది తప్పు కాదు సార్. అది మా ఆవిడ నెత్తురు.”

సారు అర్థం కానట్టు చూశాడు.

“నా ట్యూబులో ఆవిడ నెత్తురు పెట్టాను. ఇంట్లో ఉండే మనిషి కదా, శుభ్రంగా ఉంటుందనుకున్నాను. నర్సుకి తెలీదు. ఆవిడ అటు తిరిగినప్పుడు నేనే మార్చాను.” అబద్ధం చెప్పేచోట కూడా అతని గొంతు తడబడలేదు. “ఆ అరవై ఎనిమిదీ ఈ గోతాల్లోంచి వచ్చింది. కొలిమి దగ్గర నిలబడే నాకు నలభై ఒకటి, సంచులు కుట్టే దానికి అరవై ఎనిమిది. వాటిని ఆ ఇంటికి పంపకండి. పిల్లలకివ్వకండి.”

వీధిలో ఎవరో బకెట్టు దొర్లించిన చప్పుడైంది. నవ్వుల సారు మొహం మీద నవ్వు అలవాటుకొద్దీ కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. ఆ మొహాన్ని నవ్వు లేకుండా ఆ వీధివాళ్ళెవరూ అంతకుముందు చూడలేదు. చేతిలో సంచిని మెల్లగా, శబ్దం కాకుండా కింద పెట్టాడు. రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

“దించెయ్” అన్నాడు డ్రైవరుతో. “అన్నీ దించెయ్.”

తర్వాత కొలిమాయనతో, “సోమవారం కార్డు తీసుకుని ఆఫీసుకి రా” అన్నాడు. అంటే పేరు కొట్టేస్తారని అందరికీ తెలుసు. కొలిమాయన తలూపాడు.

“సబ్బుందా?” అని అడిగాడు సారు.

అత్త లోపల్నుంచి సబ్బు తెచ్చి, బాల్చీలోంచి నీళ్ళు ముంచి పోసింది. అతను వేళ్ళ సందులూ గోళ్ళూ రుద్దుకున్నాడు. మళ్ళీ పొయ్యమని మోచేతుల దాకా రుద్దుకున్నాడు. మూడోసారి మొహం కడుక్కున్నాడు. డ్రైవరు కూడా వచ్చి చేతులు చాపాడు. తుడుచుకోవడానికి గుడ్డ ఇస్తే సారు తీసుకోలేదు. తడిచేతుల్తోనే వ్యానెక్కాడు. మిషనమ్మకి ఒంట్లో ఎలా ఉందని గాని, ఏ ఆసుపత్రికి వెళ్తున్నారని గాని ఒక్క మాట అడగలేదు. వ్యాను ఖాళీగా వెనక్కి తిరిగింది.

గోతాలు, సంచులు, పట్టీలు అన్నీ వరండాలోనే ఉండిపోయాయి. వాటి మధ్య ముగ్గురూ నిలబడ్డారు.

“ఎందుకు చెప్పావు?” అంది మిషనమ్మ.

“నువ్వు చెప్పలేదు కాబట్టి” అన్నాడతను. “నా కోసం నోరు మూసుకున్నావు చూడు, అది చూళ్ళేకపోయాను.”

ఆమె అతని పక్కకి వచ్చి నిలబడింది. ఏడుపు రాలేదు. సోమవారం తర్వాత ఏమిటో ఇద్దరికీ తెలీదు.

అత్తకి ఏదీ సరిగా అర్థం కాలేదు. పెద్దమనిషి చేతులు అన్నిసార్లు ఎందుకు కడుక్కున్నాడో అంతకన్నా అర్థం కాలేదు. నీళ్ళు పోసి తడిసిన తన చేతులు తుడుచుకోవడానికి పక్కనున్న సంచి ఒకటి అందుకుంది.

మిషనమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది. సంచి కింద పడింది. అత్త అరచెయ్యి విప్పి చూసింది. గీతల్లో, గోళ్ళ మొదట్లో, వేలి మడతల్లో అంతా బూడిదరంగే. ఎన్ని నెలలనించో. ఆమెని కూచోబెట్టి, సబ్బు రాసి, ఒక్కో వేలూ విడివిడిగా రుద్దడం మొదలుపెట్టింది. తన చెయ్యి పట్టు తప్పుతుంటే రెండో చేత్తో అదిమిపట్టి రుద్దింది. కొలిమాయన బాల్చీ దగ్గరికి లాగాడు.

“అరవై ఎనిమిది అంటే ఎక్కువా?” అని అడిగింది అత్త.

“ఎక్కువే అత్తా.”

“దుమ్ము కొట్టేది నువ్వు, తిరగేసేది నేను. కొసలు కొరికేదీ నేనే.” అత్త తన చేతుల వైపు చూసుకుంది. “మరి నాకెంత ఉంటుందే?”

కొలిమాయన ఇంకో చెంబు నీళ్ళు పోశాడు.